నలభై ఒకటో అట్టముక్క

కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనుషులు లోకంలో చాలామందే ఉంటారు. వెతికి వెతికి విసిగి, కొత్తవి కొనుక్కుందామని కళ్లద్దాల షాపుకి వెళ్లి, అక్కడి అద్దంలో నెత్తిమీదున్నవి కనిపించాక కూడా మొహమాటానికి ఇంకో జత కొనుక్కొచ్చిన మనిషి మాత్రం ఒక్కతే ఉంటుంది. ఆమె ఒక అక్కకి చెల్లెలు. ఆ చెల్లెలి కథ ఇది.

ఆమె ఒక బట్టల షాపు వెనకగదిలో కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. కొన్నవాళ్ల ప్యాంట్లు పొట్టి చేస్తుంది, చొక్కాల నడుము బిగిస్తుంది. చేతిలో పనితనం ఉంది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ కొలతలు రాసుకున్న కాగితం ఎక్కడ పెట్టిందో ఆ కాగితానికే తెలియాలి. పని మొదలుపెట్టాలంటే ఆమెకి కొండ ఎక్కినంత కష్టం. మొదలుపెట్టాక ఆపాలంటే ఆ కొండ దిగినంత కష్టం. తొమ్మిదికి రావలసిన మనిషి తొమ్మిదిన్నరకొచ్చి "బస్సు లేటండీ" అనేది. అదే బస్సులో తొమ్మిదికి వచ్చే షాపు యజమాని ఏమీ అనేవాడు కాదు. ఇలాంటి చేతులు మళ్లీ దొరకవని ఆయన భయం.

నలభై ఆరేళ్లు ఇలా నెట్టుకొచ్చిందంటే అది ఆమె గొప్పతనం కాదు, అక్కది. అమ్మానాన్నలు పోయాక అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక ఇంట్లోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకునే తీరిక అక్కకి దొరకలేదు. చెల్లెలికి తీరిక దొరికింది గానీ, పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూర్చున్న రోజే తను ఇంట్లో లేదు. ఆ సంగతి ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

అక్క ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. అక్కడ కోత పెట్టే ముందు పళ్లెంలో ఉన్న కత్తెరలు, పటకార్లు, రక్తం అద్దే గుడ్డముక్కలు అన్నీ పైకి లెక్కపెట్టాలి. కుట్లు వేసే ముందు మళ్లీ లెక్కపెట్టాలి. ఇచ్చినవీ వచ్చినవీ సరిపోవాలి. ఒక్క గుడ్డముక్క తేడా వచ్చిందా, ఎంత పేరున్న డాక్టరైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. లెక్క తేలకుండా ఎవరూ కదలడానికి వీల్లేదు. తేడా వస్తే మూడుసార్లు లెక్కపెట్టడం అక్క నియమం. ముప్ఫై ఏళ్లలో ఆవిడ లెక్క తప్పలేదు.

ఆ లెక్కనే ఇంటికి తెచ్చి చెల్లెలికి తగిలించింది. రోజూ పొద్దున గుమ్మం దగ్గర తనిఖీ.

"ఏమే, లెక్క?"

"తాళంచెవి, పర్సు, కళ్లద్దాలు. మూడు."

"సరి. ఇక పో."

ఆ "సరి" వింటే చెల్లెలికి చిన్నప్పుడు చిరాకేసేది, పెద్దయ్యాక నవ్వొచ్చేది. అది లేకపోతే ఎలా ఉంటుందో ఏనాడూ ఆలోచించలేదు.

ఒకరోజు అక్క బాత్రూములో పడిపోయింది. మెదడు ముందుభాగంలో నరం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది. మాట పోలేదు, చెయ్యి పడిపోలేదు, మనుషుల్ని గుర్తుపట్టడంలో తేడా రాలేదు. పోయింది ఒక్కటే, పని మొదలుపెట్టడం. దాహంగా ఉందని తెలుసు, ఎదురుగా గ్లాసు ఉందని తెలుసు, చెయ్యి మాత్రం లేవదు. "నీళ్లు తాగక్కా" అంటే గటగటా తాగుతుంది. ఎవరూ అనకపోతే సాయంత్రం దాకా గ్లాసుని చూస్తూ కూర్చుంటుంది. ఊరందరి చేతా పనులు చేయించిన మనిషి, ఇంకొకరు చెబితే తప్ప దుప్పటి కూడా కప్పుకోలేదు.

ఆస్పత్రి నుంచి ఆవిడని ఒక పునరావాస కేంద్రానికి మార్చారు. అక్కడ ఏడు నెలలు దాటితే మంచం ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత రెండే దార్లు. అక్క ఇంటికి రావాలి, లేకపోతే ఊరి చివర ఉన్న శాశ్వత సంరక్షణ గృహానికి వెళ్లాలి. ఇంటికి రావాలంటే, చెల్లెలు షాపులో ఉండే వేళల్లో ఇంట్లో ఒక్కతే క్షేమంగా ఉండగలదని తేలాలి. ఆ సంగతి తేల్చేది అక్కడ పనిచేసే థెరపిస్టమ్మాయి. పాతికేళ్లుంటాయేమో, మాట మెత్తన, రూలు గట్టి.

"ఒక పూట పరీక్ష పెడదామండీ, మీ ఇంట్లోనే" అంది ఆ అమ్మాయి. "పొద్దున ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా. నేను మూల కూర్చుని చూస్తుంటాను. రాసి పెట్టుకున్నది చదువుకుని చెయ్యొచ్చు. నోటితో మాత్రం ఎవరూ ఏదీ చెప్పకూడదు. నేనూ చెప్పను, మీరూ చెప్పకూడదు."

"రాసి పెట్టేది ఎవరు?"

"మీరేనండీ."

కరెంటు బిల్లు ఎక్కడుందో తెలియని మనిషి, ఇంకొక మనిషి రోజంతటినీ రాసి పెట్టాలట. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టే అనుకుంది. కానీ అక్క లేని ఇంట్లో ఆరు నెలలుగా ఉంటోంది కదా, ఆ ఇంట్లో ఎలా ఉంటోందో ఆమెకే తెలుసు. రెండుసార్లు గిన్నె మాడింది. ఒకసారి తాళంచెవి లోపల ఉండిపోయి మెట్లమీద కూర్చుని ఏడ్చింది. ఏడ్చింది తాళం కోసం కాదు.

షాపులో కొత్త చొక్కాల మడతల్లో తెల్లటి అట్టలు వస్తాయి. వాటిని అరచేయంత ముక్కలుగా కత్తిరించి తెచ్చుకుంది. మొదటి అట్టముక్క మీద "అక్కా, టీ పెట్టుకో" అని రాసి, గర్వంగా తీసుకెళ్లి చూపించింది.

"ఇది పని కాదండీ, పనుల మూట" అంది థెరపిస్టమ్మాయి. "మూట విప్పాలి. టీ పెట్టడంలో మీ చెయ్యి మొట్టమొదట ఏం చేస్తుంది?"

చెల్లెలు గాల్లో టీ పెట్టి చూసింది. చెయ్యి మొదట గిన్నె తీసుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకి, తను కూడా ఇన్నేళ్లుగా ఏ పనీ ఎందుకు మొదలుపెట్టలేకపోయిందో. "ఇల్లు సర్దాలి" అనుకుని కూర్చునేది. "ఆ కుర్చీ మీద బట్టలు మడతపెట్టాలి" అనుకుని ఉంటే లేచేదేమో. నలభై ఆరేళ్లకి ఇంత చిన్న సంగతి తెలిసినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

టీ ఏడు ముక్కలైంది. ఆఖరిది "స్టవ్ ఆపు. ఆపాను అని పైకి అను." మాత్రలు మూడు ముక్కలయ్యాయి. ఒక్కో అట్ట మీద ఒక్కటే పని, ఆ పని జరిగే చోటే అట్ట. గిన్నె ఉన్న చోట గిన్నె అట్ట, కుళాయి పక్కన కుళాయి అట్ట. నీళ్లు తాగే వేళకి మోగేలా గంట కొట్టే చిన్న గడియారం ఒకటి, దాని కింద "గ్లాసు ఎత్తు" అని అట్ట. గుమ్మం పక్కన తాళంచెవికి ఒక పళ్లెం. మొత్తం నలభై అయ్యాయి.

నాలుగు వారాలు రోజూ షాపు అయ్యాక కేంద్రానికి వెళ్లి, అక్క గదిలో, అక్కడి వంటగదిలో అవే అట్టలు అంటించి సాధన చేయించింది. అక్క ఒక్కో అట్టా చదివేది, చేసేది. అయ్యాక చెల్లెలు అట్టలన్నీ పోగుచేసి "లెక్కపెట్టక్కా" అని ఒళ్లో పెట్టేది. అక్క వేళ్లు చకచకా కదిలేవి. "నలభై. సరి." ఆ ఒక్క మాట కోసమే చెల్లెలు రెండు బస్సులు మారి వెళ్లేదంటే అబద్ధం కాదు.

పరీక్ష ముందురోజు రాత్రి చెల్లెలు ఆ నలభై అట్టలూ ఇంట్లో అంటించింది. పొద్దున్నే అక్కని ఇంటికి తీసుకొచ్చారు, వెంట వచ్చిన థెరపిస్టమ్మాయి ఒక మూల కూర్చుంది. అక్క తన కుర్చీలో కూర్చుంది. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి, తనే మనసులో లెక్కపెట్టుకుని, ఏమీ చెప్పకుండా బయటికొచ్చింది. తలుపు మూసుకోగానే లోపల అడుగుల చప్పుడైంది. గుమ్మం పక్కనున్న "తలుపు గడియ వెయ్యి" అన్న అట్ట చదివి, అక్క గడియ వేసింది. బయట నిలబడ్డ చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. మొదటి అట్ట పని చేసింది.

ఆ పూట షాపులో ఎనిమిది ప్యాంట్లు పొట్టి చేసింది. ఒక్క కాగితం పోలేదు. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా ఇంటి ముందుంది. తలుపు తట్టింది.

లోపల ఉలుకూ పలుకూ లేదు.

మళ్లీ తట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. గడియ వెయ్యమని అట్ట ఉంది, తియ్యమని అట్ట లేదు. కేంద్రంలో గది తలుపుకి గడియే లేదు. ఇంట్లో తను ఎప్పుడూ తన తాళంచెవితో తీసుకునేది, లోపల గడియ పడితే ఆ తాళంచెవి పనికిరాదు. నలభై అట్టలు రాసింది గానీ, తను తిరిగొస్తే ఏం చెయ్యాలో ఒక్కటీ రాయలేదు. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెనీ గుర్తుపెట్టుకుంది, తనని తనే మర్చిపోయింది.

"అక్కా, తలుపు తియ్యి" అంటే చాలు. తీసేస్తుంది. కానీ నోటితో అంటే పరీక్ష పోయినట్టే. అనకపోతే, పన్నెండున్నరలోగా తలుపు తియ్యలేని మనిషి ఇంట్లో ఒక్కతే ఉండలేదని తేలుతుంది, అప్పుడూ పోయినట్టే. లోపల అక్క కుర్చీలో కూర్చుని, తలుపు తడుతున్నది చెల్లెలని తెలిసే, తలుపు వైపు చూస్తూ ఉంటుంది. ఆ చూపు చెల్లెలికి తెలుసు. అర అంగుళం చెక్క అవతల ఉన్న మనిషికి అంత దూరంగా ఆమె ఏనాడూ నిలబడలేదు.

ఇరవై నిమిషాలు అలా గడిచాక ఒక ఉపాయం తట్టింది. రాసినదైతే పరవాలేదన్నారుగా. సంచిలో వెతికితే, ఏ పుణ్యమో, ఖాళీ అట్టముక్క ఒకటి దొరికింది. "అక్కా, చెల్లి వచ్చింది. తలుపు తియ్యి" అని రాసి తలుపు కిందనుంచి లోపలికి తోసింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

కుర్చీ జరిగింది. అడుగులు తలుపు దగ్గరికొచ్చాయి. అట్ట తీసిన చప్పుడైంది.

అడుగులు వెనక్కి వెళ్లిపోయాయి.

"ఒకటి" అంది లోపల అక్క గొంతు. "రెండు. మూడు."

చెల్లెలికి మొదట అర్థం కాలేదు. గొంతు వంటగదిలోకి వెళ్లింది, అక్కడినుంచి పడగ్గదిలోకి. పద్దెనిమిది. పంతొమ్మిది. అప్పుడు అర్థమై, తలుపుకి తల ఆనించింది. నలభై ఉండాల్సిన చోట నలభై ఒకటోది వచ్చి పడింది. లెక్కలో తేడా వస్తే అక్క ఇంకే పనీ చెయ్యదు. తలుపు సంగతి తర్వాత, ముందు లెక్క తేలాలి. "నలభై ఒకటి" అని గొంతు ఆగింది. మళ్లీ "ఒకటి" అని మొదలైంది. మూడుసార్లు లెక్కపెట్టడం ఆవిడ నియమం కదా.

మూడో లెక్క అయ్యేసరికి పన్నెండూ ముప్ఫై ఆరు. అడుగులు తలుపు దగ్గరికొచ్చాయి.

"నలభై ఉండాలి" అంది అక్క తలుపు అవతలనుంచి. "నలభై ఒకటి వచ్చాయి. ఎక్కువైంది ఎవరిది?"

టైము ఎలాగూ దాటిపోయింది. "నాదక్కా" అంది చెల్లెలు.

గడియ తీసిన చప్పుడైంది. అక్క తలుపు తెరిచి, అట్టముక్క చెల్లెలి చేతిలో పెట్టింది. "నీది నువ్వు తీసుకో. లెక్క తేలకుండా ఎవరూ కదలకూడదు" అని వెళ్లి కుర్చీలో కూర్చుంది.

థెరపిస్టమ్మాయి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అయినా కాగితం మీద రాయాల్సింది రాసింది.

"ఆరు నిమిషాలేగా" అంది చెల్లెలు. ఎప్పుడూ అరగంట లేటుగా వెళ్లే మనిషి, ఆరు నిమిషాల కోసం బతిమాలింది.

"ఇంట్లో పొగ వస్తే ఆరు నిమిషాలు చాలా ఎక్కువండీ. ఆవిడ బయటికి రావాలి కదా." కాగితం మడుస్తూ మళ్లీ అంది. "ఒకటి మాత్రం రాశాను. అట్టలు లెక్కపెట్టమని ఎవరూ చెప్పలేదు. తనంతట తను మొదలుపెట్టిన పని ఈ ఏడు నెలల్లో ఇదొక్కటే. కొత్త అలవాటు గాల్లో నిలబడదండీ, ఏదైనా పాత అలవాటుకి ముడెయ్యాలి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష అడగొచ్చు మీరు."

అక్క ఊరి చివరికి వెళ్లిపోయింది. ఆదివారం ఒక్కరోజే చూడనిస్తారు.

ఇంట్లో అట్టలు అలాగే ఉన్నాయి. వాటిని పీకెయ్యడానికి చెల్లెలికి మనసు రాలేదు. చేసేదేం లేక ఆమే వాటి మాట వినడం మొదలుపెట్టింది. "అక్కా, గిన్నె తీసుకో" అని ఉంటే గిన్నె తీసుకుంది. "స్టవ్ ఆపు. ఆపాను అని పైకి అను" అని ఉంటే, ఖాళీ వంటగదిలో "ఆపాను" అంది. తాళంచెవి పళ్లెంలో ఉంటోంది. కరెంటు బిల్లు దొరికింది. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే షాపులో ఉంటోంది.

"ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగాడు యజమాని భయంగా.

బాగానే ఉంది. ఆమె జీవితంలో మొదటిసారి అన్నీ ఉన్నచోట ఉన్నాయి, చూసి మెచ్చుకోవాల్సిన మనిషి ఒక్కతే ఉన్నచోట లేదు. రోజూ గుమ్మం దగ్గర "తాళంచెవి, పర్సు, కళ్లద్దాలు, మూడు" అని పైకే అంటుంది. అని ఒక్క క్షణం ఆగుతుంది. ఆగకూడదని తెలుసు.

ఒక ఆదివారం ఆ లెక్క పెట్టబుద్ధి కాలేదు. ఎవరికి చెప్పాలని? తలుపు లాక్కుని వెళ్లిపోయింది. సంరక్షణ గృహంలో అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. "నీళ్లు తాగక్కా" అంటే తాగింది. "దువ్వుకో అక్కా" అంటే దువ్వుకుంది. ఇక చెప్పడానికి ఏమీ లేక చెల్లెలు కూడా ఊరికే కూర్చుంది. చాలాసేపటికి అక్క తల తిప్పింది. చెల్లెలి చేతికేసి, సంచికేసి, మొహంకేసి చూసింది.

"రెండే" అంది.

"ఏంటక్కా?"

"తాళంచెవి, పర్సు. రెండే ఉన్నాయి. కళ్లద్దాలేవే?"

చెల్లెలు తడుముకుంది. నెత్తిమీద కూడా లేవు. ఇంట్లోనే మంచం పక్కన పెట్టి మర్చిపోయింది, దారంతా మసకగా ఉంటే దిగులువల్ల అనుకుంది. అక్క మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయింది. చెల్లెలు వరండాలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చింది. అది సంతోషమే. కానీ పంచుకోవడానికి పక్కన మనిషి లేని సంతోషం ఏడుపులాగే ఉంటుంది.

ఆ రోజు ఇంటికొచ్చి ఒక అట్టముక్క తీసుకుంది. బాగా ఆలోచించి రాసి, గుమ్మం లోపలివైపు, తాళంచెవి పళ్లెం పైన అంటించింది. ఇది తన కోసం రాసుకున్నది. "ఆదివారం: ఒకటి మర్చిపో."

జన్మంతా ఎవరూ నేర్పకుండా చేసిన పని, ఇప్పుడు రాసి పెట్టుకుంటే తప్ప చెయ్యలేకపోతోంది. అది చూసి తనే నవ్వుకుంది. ఆ వారం కళ్లద్దాలు ఇంట్లోనే వదిలేసి, బస్సు నంబర్లు కనబడక దారినపోయేవాళ్లని అడుక్కుంటూ వెళ్లింది. అక్క కుర్చీ పక్కనే నిలబడింది. "రెండే" అంది అక్క. తర్వాతి వారం గుమ్మంలోనే ఆగిపోయింది. కాస్త ఆలస్యమైంది గానీ, అక్క మెడ చాచి చూసి "రెండే" అంది. ఆ పై వారం గది తలుపు సగం మూసి, సందులో నిలబడింది. అక్క కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చూసింది. పాత అలవాటు ముడి దొరికింది. మళ్లీ పరీక్ష అడిగేలోగా ఇక దాన్ని తలుపు దాకా లాగాలి.

నాలుగో ఆదివారం తలుపు పూర్తిగా మూసి బయట నిలబడింది. తట్టింది. ఏమీ అనలేదు. కళ్లద్దాలు లేక వరండా అంతా మసకగా ఉంది. మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ముప్ఫై దాటింది. నలభై. నలభై ఒకటి దగ్గర లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. అది లేవడమో, సర్దుకుని కూర్చోవడమో తెలియలేదు. చెల్లెలు చెయ్యి తలుపు మీద పెట్టి, తొయ్యకుండా, నలభై రెండు అనుకుంది.